చర్చ: వేసవి మధ్యాహ్నాల్లో బయటి పనిని చట్టంతో ఆపించాలా?

ఖని కుర్రాడు:
తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. పోయాక ఇచ్చే డబ్బు సరే, అసలు పోకుండా ఏప్రిల్, మే నెలల్లో 12 నుంచి 4 దాకా బయటి పనులు చట్టంతో ఆపిస్తే ఏం? 'ఎండలో తిరగొద్దు' అని ఏటా చెప్తూనే ఉన్నారు. 2015 మేలో దేశంలో 2 వేల మందికి పైగా ఎండకు పోయారు. ఎక్కువ మంది మన రెండు రాష్ట్రాల వాళ్లే.

మేస్త్రీ గారబ్బాయి:
ఏసీ గదిలో కూర్చుని చెప్పడం తేలిక బ్రదర్. మా నాన్న జీవితమంతా ఎండలోనే గోడలు కట్టారు, మాకు అలవాటే. అడ్డా మీద నిలబడే మనిషికి పనుంటేనే కూలి. నాలుగు గంటలు కోస్తే ఓనరు సగమే చేతిలో పెడతాడు. పైగా స్లాబ్ మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, జాయింట్ పడి తర్వాత కారుతుంది.

ఖని కుర్రాడు:
నాది రేకుల ఇల్లు బ్రదర్. ఏసీ నువ్వు కొనిపెడితే పెట్టుకుంటా.

జగిత్యాల దుబాయ్:
గల్ఫ్‌లో ఆపుతున్నారు కదా అన్నా. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్. ఖతార్‌లో ఇంకా గట్టి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి 3:30 వరకు ఆపాలి. వేడి, ఉక్క, ఎండ, గాలి కలిపి లెక్కగట్టే సూచిక 32.1 దాటితే ఏ టైమైనా పని ఆపాల్సిందే. మేం స్లాబులు రాత్రిపూట పోసేవాళ్లం. ఎండకు కాంక్రీటు తొందరగా బిగుసుకుంటుంది కాబట్టి ఇంజనీర్లకూ అదే నయం. అక్కడంతా స్వర్గమని అనను, ఆ రాత్రుల ఉక్క పడ్డవాడికే తెలుసు.

సిస్టర్ బెజవాడ:
అలవాటు మాట కొంత నిజం. వారం పది రోజులు ఎండలో పనిచేస్తే ఒంటికి చెమట పట్టే తీరు మారుతుంది. అందుకే కొత్తగా పనిలో చేరినవాళ్లు మొదటి రోజుల్లోనే ఎక్కువగా పడిపోతారు. కానీ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. విజయవాడ ఉక్కలో అది ఆరదు, అందుకే ఇక్కడి 40 డిగ్రీలు రామగుండం 44 కన్నా ప్రమాదం కావచ్చు. ఒంటి వేడి 40 దాటి మాట తడబడిందంటే వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ధీమా పడొద్దు, పనిచేస్తూ పడిపోయినవాళ్ల ఒళ్లు తడిసే ఉండొచ్చు. పారాసెటమాల్ పనిచేయదు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపే నీళ్లు గుమ్మరించి గాలి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.
ఇంకో మాట. సైట్‌లో బాత్రూం లేక ఆడకూలీలు నీళ్లు తాగడమే మానేస్తారు. టైం మార్చినా అది మారదు.

ఖని కుర్రాడు:
4 లక్షలకైనా ఎండ వల్లే పోయాడని కాగితం కావాలి. చాలా ఇళ్లలో 'గుండె ఆగింది' అనుకుని పోస్టుమార్టం లేకుండానే దహనం చేసేస్తారు.

మేస్త్రీ గారబ్బాయి:
రాత్రి స్లాబ్‌కు నాకు అభ్యంతరం లేదు, ఇళ్ల మధ్యలో మిక్సర్ మోతకు పక్కింటివాళ్లు ఊరుకుంటే. గల్ఫ్‌లో నెల జీతం, ఇక్కడ రోజు కూలి. చట్టంలో గంటలు రాసేముందు ఆ గంటల కూలి ఎవరిస్తారో రాయమనండి. అది లేకపోతే దాన్ని మొదట మీరేది మా నాన్నే.