మతం అంటే ఏంటి? సోషియాలజీ ఒకటి చెప్తుంది, సైకాలజీ ఇంకోటి, ఏది రాయాలి?

నిద్రలేనిరాత్రి:
ఫ్రెండ్స్ ఒక డౌట్. ఎమ్మే సోషియాలజీ ఫస్టియర్. మతాన్ని నిర్వచించండి అని అసైన్‌మెంట్ ఇచ్చారు, ఒక డెఫినిషన్ పడేసి మిగతాది సాగదీద్దాం అనుకున్నా, తీరా చదివితే ఎవరి గోల వాళ్ళది. ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ఆయన టైలర్ 1871లో ఆత్మల్లాంటి వాటి మీద నమ్మకమే మతం అన్నాడు. సైకాలజీ ఆయన విలియం జేమ్స్ 1902లో మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు దివ్యం అనుకున్న దానితో కలిగే అనుభవం అన్నాడు. సోషియాలజీ ఆయన డర్కైమ్ 1912లో ఒంటరిగా ఏంటి, గుంపు లేకుండా మతమే లేదు అన్నాడు. ముగ్గురూ ఒకే దాని గురించి మాట్లాడుతున్నారా అసలు? కరెక్ట్ ఏదో చెప్పండి ప్లీజ్.

సూటిగా:
దేవుణ్ణి నమ్మితే మతం, లేకపోతే కాదు. దీనికింత తలనొప్పి ఎందుకు బ్రో

అటకమీదిపుస్తకాలు:
సూటిగా గారూ, ఆ దారిలో రెండడుగులు వేస్తే బౌద్ధం అడ్డొస్తుందండి, అందులో దేవుడు లేడు కానీ అదీ మతమే, డర్కైమ్ కూడా దాన్నే ఎత్తి చూపించాడు. అందుకే దేవుణ్ణి పక్కనపెట్టి, జనం దేన్ని పవిత్రంగా విడిగా ఉంచుతున్నారు, దాని చుట్టూ ఎలా ఒక్కటవుతున్నారు అని చూశాడు. ఆస్ట్రేలియా ఆదివాసీల టోటెమ్‌ల (ఒక్కో వంశం తన గుర్తుగా పవిత్రంగా చూసే జంతువో మొక్కో) మీద అంత లావు పుస్తకం రాశాడు గానీ అక్కడికి ఒక్కసారీ వెళ్ళలేదు, అంతా వేరేవాళ్ళు రాసింది చదివే, అది వేరే కథ.

నిద్రలేని గారూ, ఎవరు ఏం అడుగుతున్నారో చూడండి. టైలర్‌కి ఈ ఆలోచన మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చిందో కావాలి, కలలు, చావు చూసి ఆత్మ అనే ఊహ పుట్టిందంటాడు. జేమ్స్‌కి లోపల ఏం జరుగుతుందో కావాలి. డర్కైమ్‌కి జనాన్ని కలిపి ఉంచేది ఏంటో కావాలి. ఎవరికి కావాల్సిన ముక్క వాళ్ళు కోసుకున్నారు. ఇక సోషియాలజీలో ఇంకో పెద్దాయన వెబర్ అయితే డెఫినిషన్ మొదట్లో ఇవ్వలేం, ఇస్తే గిస్తే చివర్లో అన్నాడు, చివరికి కూడా ఇవ్వలేదు. మీ సార్ ఆయనకి ఎన్ని మార్కులు వేసేవారో మరి.

పొదలోచప్పుడు:
నాది సైకాలజీ, మా వైపు ఫ్రాయిడ్ పేరు చెప్పి వదిలేస్తారు, ఆయన 1927లో మతాన్ని భ్రమ అన్నాడు నిజమే కానీ భ్రమ అంటే అబద్ధమని కాదు, కోరికలోంచి పుట్టిన నమ్మకం అని, ఇది చాలామంది చదవకుండానే తిడతారు. నాకు నచ్చింది గత్రీ, ఈయన ఆంత్రోపాలజీ మనిషి, 1993 పుస్తకం. చీకట్లో పొద కదిలింది, గాలి అయ్యుండొచ్చు, జంతువు అయ్యుండొచ్చు. జంతువు అనుకుని పరిగెత్తి పొరబడితే కాస్త ఆయాసం, అంతే. గాలే అనుకుని పొరబడితే ప్రాణమే పోతుంది. అందుకే ఎక్కడ చూసినా ఎవరో ఉన్నారనుకోవడం మన బుర్రకి అలవాటైపోయింది, మబ్బుల్లో మొహాలు కనపడేది కూడా అందుకే, మతం కూడా అదే అలవాటంటాడు ఆయన.

కోర్టుపక్షి:
మీరంతా వందేళ్ళు వాదించుకోవచ్చు, జడ్జికి ఆ సుఖం లేదు, తీర్పు ఇచ్చి తీరాలి. అమెరికాలో బలవంతంగా సైన్యంలో చేర్చుకునే రోజుల్లో పరమాత్మ మీద నమ్మకంతో యుద్ధం వద్దనేవాళ్ళకి మినహాయింపు ఉండేది. మరి దేవుడి సంగతి తేల్చి చెప్పనివాళ్ళ మాటేంటి? 1965లో సీగర్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు, మిగతావాళ్ళ జీవితంలో దేవుడికి ఏ స్థానం ఉందో వీళ్ళ జీవితంలో ఈ నమ్మకానిది అదే స్థానమైతే, అది నిజాయితీగా ఉంటే చాలు అంది. డెఫినిషన్ మారితే ఒకడు జైలుకి పోతాడు, ఒకడు ఇంటికి పోతాడు.

అటకమీదిపుస్తకాలు:
బాగా చెప్పారు. కాకపోతే ఇలా వెడల్పు చేసుకుంటూ పోతే ఫుట్‌బాల్ కూడా మతమే అవుతుంది, పవిత్రమైన జెర్సీ, గుంపు, పాటలు అన్నీ ఉన్నాయి. ఇంకో మాట, మన మతం అనే పదానికి పాత అర్థం అభిప్రాయం, అభిమతం, సమ్మతం అన్నప్పుడు ఉన్నది అదే. రెలిజియన్ లాటిన్ నుంచి వచ్చింది, దాని దారి వేరు. ఆంత్రోపాలజిస్ట్ తలాల్ అసద్ గొడవ కూడా ఇలాంటిదే, యూరప్ చరిత్రలో తయారైన కొలతని అందరి మీదా పెడుతున్నారు అని.

సూటిగా:
ఒక్క నిమిషం. బౌద్ధంలో దేవుడు లేడన్నారు, కానీ వాళ్ళ గ్రంథాల నిండా దేవతలు ఉన్నారుగా? మామూలు జనం మొక్కుతారుగా?

అటకమీదిపుస్తకాలు:
దొరికిపోయాను 😄 ఆంత్రోపాలజిస్ట్ స్పైరో 1966లో ఒక వ్యాసాల సంకలనంలో సరిగ్గా ఇదే పట్టుకుని డర్కైమ్‌ని ఉతికాడు, మానవాతీత శక్తులు ఉండాల్సిందే అన్నాడు. ఇంకో ఆంత్రోపాలజిస్ట్ గీర్ట్స్, మతం అంటే చిహ్నాల వ్యవస్థ అన్న వ్యాసం కూడా అదే సంకలనంలో ఉంది, పక్కపక్కన పెట్టి చదవండి.

నిద్రలేనిరాత్రి:
అంటే తిరిగి తిరిగి మళ్ళీ టైలర్ దగ్గరికే వచ్చామా?? సరే, బౌద్ధం ఒక్కటే తీసుకుని డర్కైమ్, స్పైరోలని కొట్టించి రాస్తా. సబ్మిషన్ రేపు పొద్దున్నే. సూటిగా బ్రో, నీ ఫస్ట్ రిప్లై చూసి నవ్వినందుకు సారీ.