పైపర్ వారియర్: పై లాచ్ (గడియ) ఊడితే తలుపు గాల్లోనే వేసుకోవచ్చా?

ట్రైనీ_బెజవాడ:
పీఏ-28 వారియర్ అనే చిన్న విమానం తలుపుకి లాచ్‌లు రెండు, చెక్‌లిస్ట్‌లో మాత్రం ఒకే లైను. పక్కది వేసి పైది మర్చిపోతే టేకాఫ్‌లో ఏమవుతుంది? సోలోలో (ఒంటరిగా ఎగిరేటప్పుడు) తెరుచుకుంటే మూసేయొచ్చా? ప్రీఫ్లైట్‌లో (ఎగిరేముందు తనిఖీలో) అసలు ఏం చూడాలి?

సర్క్యూట్_మాస్టారు:
తలుపు తెరుచుకున్నంత మాత్రాన విమానం పడిపోదండీ. కేబిన్ పైభాగంలో బయటి గాలి ఒత్తిడి లోపలికన్నా తక్కువ, అందుకే వదులుగా ఉన్న తలుపు బయటికి ఉబుకుతుంది. ఎదురుగాలి దాన్ని కొన్ని అంగుళాలకు మించి తెరవనివ్వదు. చెవులు గింగురెత్తే హోరు వస్తుంది, చార్టులు ఎగురుతాయి, వేగం కాస్త తగ్గుతుంది. అంతే.

ప్రమాదమంతా దానికోసం చేయి చాచడంలోనే ఉంది. వారియర్‌కి తలుపు ఒక్కటే, అదీ కుడివైపు. ఎడమ సీట్లోంచి అటు వంగితే తెలియకుండానే రెండో చేయి యోక్‌ని (విమానం నడిపే చక్రాన్ని) లాగుతుంది, ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది. మూడొందల అడుగుల్లో స్టాల్ అయితే (రెక్కలు విమానాన్ని మోయలేకపోతే) కోలుకునే ఎత్తు ఎక్కడిది? టేకాఫ్ పరుగులోనే తెరుచుకుని, ముందు సరిపడా రన్‌వే ఉంటే థ్రాటిల్ మూసి ఆగిపోండి. లేచాక అయితే దాన్ని పట్టించుకోకండి. మామూలు సర్క్యూట్ (రన్‌వే చుట్టూ ఒక చుట్టు), మామూలు ల్యాండింగ్. సోలోలో ఇంకో ఆలోచనే వద్దు.

గగన్_172:
మాస్టారు చెప్పింది కరెక్ట్. పక్కన మనిషి ఉంటే మాత్రం, ఎత్తుకి చేరి ట్రిమ్ చేశాక (విమానం తనంతట నిలకడగా ఎగిరేలా సర్దాక) మూయొచ్చు. వేగం 90 నాట్ల లోపుకు, అంటే మీ హ్యాండ్‌బుక్‌లో ఉన్న అంకెకు తగ్గించండి. కేబిన్ వెంట్లు మూసి, పైలట్ పక్క చిన్న కిటికీ తెరవండి. లోపలి ఒత్తిడి తగ్గకపోతే ఎంత లాగినా తలుపు రాదు. రెండు లాచ్‌లూ ఊడితే ఆర్మ్‌రెస్ట్ పట్టి లాగుతూ ముందు పక్కది, తర్వాత పైది.

సెస్నా 172 పద్ధతి వేరు: సుమారు 75 నాట్లకు ట్రిమ్ చేసి, తలుపుని కొంచెం బయటికి తోసి, ఒక్కసారిగా గట్టిగా లాగి లాక్ చేయాలి.

హ్యాంగర్_మెకానిక్:
ప్రీఫ్లైట్ సంగతి. తలుపు మూసి రెండు లాచ్‌లూ వేశాక, వెనక పైమూల చూడండి. అక్కడ వెలుతురు కనబడితే తలుపు వంగినట్టో, సీలు చెడినట్టో. ఎక్కేటప్పుడు తలుపు పట్టుకుని వేలాడటం వల్లా, తెరిచి ఉంచినప్పుడు గాలి విసిరికొట్టడం వల్లా వంగుతుంది. కొత్త రబ్బరు సీలు మందంగా ఉన్నా లాచ్ పూర్తిగా దిగదు. పై లాచ్ బలవంతంగా తిప్పాల్సి వస్తే స్నాగ్ (లోపం నమోదు) రాయండి, సర్దుబాటు మా పని. హింజ్ పిన్నులు, బ్యాగేజ్ డోర్ తాళం కూడా చూడండి.

ఇంకోటి, సీటు బెల్టు కొస. తలుపు కింద చిక్కి బయట వేలాడితే, లేవగానే రేకు మీద టపటపా కొడుతుంది. ఇంజిన్ పోయిందనుకుని హడలిపోతారు.

ట్రైనీ_బెజవాడ:
ప్యాసింజర్ "వేశాను" అంటే సరిపోతుందా?

సర్క్యూట్_మాస్టారు:
సరిపోదు. పై లాచ్ మీ చేత్తో తిప్పి చూడండి, తర్వాత తలుపు పైభాగాన్ని అరచేత్తో బయటికి నెట్టమని చెప్పండి. రనప్ (టేకాఫ్‌కి ముందు ఇంజిన్ పరీక్ష) అప్పుడు ఒకసారి, రన్‌వే మీదికి వెళ్లేముందు ఇంకోసారి. సీటు పిన్ను రైలు రంధ్రంలో పడిందో లేదో కూడా అప్పుడే ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే యోక్ మీ చేత్తోపాటు వస్తుంది, అది తలుపుకన్నా ఘోరం.