కంప తినిపించడానికి ఎలాంటి మేకలను కొనాలి?

ప్రశ్న: చంద్రగిరి దగ్గర మాకున్న 3 ఎకరాల మెట్టలో రేగుకంప, సర్కారు తుమ్మ, లంటానా మనిషెత్తు పెరిగిపోయాయి. పక్కనే మామిడి మొక్కలున్నాయి. జేసీబీకి బదులు మేకలను కొందామనుకుంటున్నాను. సంతలో ఏం చూసుకోవాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: షెడ్డులో దాణా తిని పెరిగినవాటిని కాకుండా, మంద వెంట గుట్టల్లో తిరిగిన నాటు మేకలనే తీసుకోండి. కింది దవడలో పాలపళ్ల మధ్య రెండు పెద్ద పళ్లు వచ్చి ఉంటే ఏడాది దాటిందని అర్థం. కనురెప్ప లోపలి భాగం ఎర్రగా కాక తెల్లగా పాలిపోయి ఉంటే పొట్టలో నులిపురుగులు ఉండవచ్చు గనుక, అమ్మేవారు ధర ఎంత తగ్గించినా వదిలేయండి.

జవాబు 2: లంటానా ఆకు మేకలకు విషం; దానిని ముందే కూలీలతో పీకించండి. సర్కారు తుమ్మ కాయలను అవి ఇష్టంగా తింటాయి కానీ, గింజలు పెంటికలతో పాటు పడి మళ్లీ మొలుస్తాయి. మామిడికి కంచె తప్పనిసరి. మా మేక ఒకటి వెనుక కాళ్లపై నిలబడి, నేను చూస్తుండగానే మూడేళ్ల బేనిషా మొక్క తలను కొరికేసింది.

జవాబు 3: ఒక్క మేకను మాత్రం కొనకండి, తోడు లేక రాత్రంతా అరుస్తుంది. కొత్తవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచి, పీపీఆర్ (పారుడు రోగం), చిటుకు రోగం టీకాలు వేయించండి. రేగు మళ్లీ చిగురించినప్పుడల్లా వాటిని తోలాలి.