మన భాష మాట్లాడే ఊరే కొత్తగా ఉంది: దూరం నుంచి విజయనగరం వచ్చినవారు ఎలా సర్దుకున్నారు?

ప్రశ్న: కరీంనగర్ ఆడపడుచు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా వారికి బదిలీ కావడంతో, 16 ఏళ్ళు కాపురమున్న ఢిల్లీని వదిలి, కిందటి జూన్‌లో పన్నెండేళ్ళ మా అమ్మాయితో సహా విజయనగరం వచ్చాము. నా పుట్టిల్లు కరీంనగర్ దగ్గరి పల్లె. బదిలీ ఉత్తర్వు చూసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. ఇన్నేళ్ళకు మళ్ళీ తెలుగు వినిపించే వీధిలో ఉండబోతున్నామని, కూరగాయల దగ్గరా మందుల షాపులోనూ నా భాషలోనే మాట్లాడవచ్చని అనుకుంటూ సమతా ఎక్స్‌ప్రెస్ దిగాను. ఏడు నెలలు గడిచాయి. ఢిల్లీలో తొలి ఏడాది కూడా నాకు ఇంత ఒంటరిగా అనిపించలేదు.

ఎందుకిలా అవుతోందని చాలా ఆలోచించాను. ఢిల్లీలో నేను పరాయిదాన్నని నాకూ తెలుసు, ఎదుటివారికీ తెలుసు. అందుకని మాట తప్పుగా పలికితే ఓపికగా దిద్దేవారు, తెలియనిది అడిగితే చెప్పేవారు. ఇక్కడ నేను తెలుగు మాట్లాడతాను కాబట్టి అన్నీ తెలిసే ఉంటాయని అనుకుంటారు. తెలియనప్పుడు అడగడానికి నాకే మొహమాటంగా ఉంటోంది.

ఒక్క సంగతి చెబుతాను. మేము దిగిన వారానికి పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి "ఏటే గుంటా, బేగి రా, పనసతొనలిస్తాను" అని మా అమ్మాయిని పిలిచారు. ఆ పిలుపు నాకు తిట్టులా వినిపించింది. పిల్లను లోపలికి రమ్మని తలుపు వేసేశాను. గుంట అంటే ఇక్కడ ఆడపిల్ల అని, బేగి అంటే త్వరగా అని దసరా నాటికి గాని నాకు తెలియలేదు. మా వైపు పోరి అన్నట్టే ఇదీ, అంతే. అప్పటికే ఆవిడ మా గేటు వైపు చూడటం మానేశారు. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పుకోవాలో నాకు తోచడం లేదు.

అమ్మాయి సంగతి మరీ బాధగా ఉంది. ఇంట్లో మాతో తెలుగే మాట్లాడుతుంది గాని చదవడం, రాయడం రావు. బళ్ళో మొదటి నెలలోనే "రేపు తెస్త" అన్నందుకు పిల్లలు నవ్వారట. టీచరు కూడా వారిని వారించలేదట. ఆ రోజు నుంచి బళ్ళో ఇంగ్లీషు తప్ప మాట్లాడటం లేదు. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి ఊరంతా చుట్టాలతో నిండిపోయినప్పుడు, మా ఇంటి తలుపు తట్టినవారు లేరు. మేమిద్దరం మేడ మీద నిలబడి జనాన్ని చూసి దిగివచ్చాము.

వాతావరణానికి కూడా ఇంకా అలవాటు పడలేదు. ఒంటిమీద చెమట ఆరదు, బీరువాలోని తోలు సంచులకు బూజు పట్టింది, వేసవిలో ఏడింటి దాకా వెలుగు ఉండే సాయంత్రాలకు అలవాటుపడిన మాకు ఇక్కడ ఆరున్నరకే చీకటి పడటం దిగులుగా ఉంది. ఇవి ఎలాగో సర్దుకుంటాయి. మనుషుల మధ్య చోటు దొరకడం ఎలా? దూరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు మీ అనుభవం చెప్పగలరా?

జవాబు 1: సీమ మాస్టారు (విజయనగరం)

అమ్మా, మాది అనంతపురం జిల్లా. ఉపాధ్యాయుడిగా ఈ ఊరు వచ్చి 19 ఏళ్ళయింది. మీరు రాసినదాంట్లో ప్రతి మాటా నేను పడినదే.

నాకు దారి చూపినది రైతుబజారు. వచ్చిన కొత్తలో ఒకనాడు సొరకాయ కావాలని అడిగితే, గంపల ముందు కూర్చున్న ముసలమ్మ నా ముఖం వైపు చూసి, ఒక కాయ తీసి, తొడిమ దగ్గర గోరు దించి, అది ఎంత లేతగా దిగిందో చూపించి, "దీన్ని ఆనపకాయంటారు బావూ" అంది. నేను ఆ మాటను తిరిగి పలికేదాకా కాయ నా చేతికి ఇవ్వలేదు. మరుసటి వారం మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళాను. రాగులను ఇక్కడ చోళ్ళంటారని, సజ్జలను గంటెలంటారని, తెలగపిండి కూరలో వెల్లుల్లి ఎప్పుడు వేయాలో కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి, ఒక ఆదివారం నేను రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఈ ఊళ్ళో నాకు ఒకరు ఏర్పడ్డారు. స్నేహితులను సంపాదించుకోవాలని నేను చేసిన ప్రయత్నాలేవీ అంతగా ఫలించలేదు. అదే రోజు, అదే వేళ, అదే మనిషి దగ్గరికి వెళ్ళడం మాత్రం ఫలించింది.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్పనివ్వండి. మీ కరీంనగర్ వైపు పల్లెల్లో ఆనిగెపుకాయ అంటారు కదా. ఇక్కడివారి ఆనపకాయ దానికి తోబుట్టువు వంటిదే. ఆ కాయను సొరకాయ అనే సీమవాడిని నేనే మీ ఇద్దరికీ పరాయివాణ్ణి. మా రాగులు మీకు తైదలు, వీరికి చోళ్ళు. ఒకే గింజకు మూడు పేర్లున్న భాషలో ఏ పేరూ తప్పు కాదని తరగతిలో పిల్లలకు ఏటా చెబుతాను. "తెస్త" అన్న మాట కూడా అంతే. మీ అమ్మాయి తప్పు మాట్లాడలేదని ముందు ఆమెకు నమ్మకం కలగాలి, ఆ నమ్మకం ఇంట్లోనే మొదలు కావాలి.

చదవడం విషయంలో పాఠ్యపుస్తకంతో మొదలుపెట్టకండి. ఏడో తరగతి పిల్లకు అక్షరాలు దిద్దించడం చిన్నతనంగా ఉంటుంది. సాయంత్రం గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు మీరిద్దరూ నడుచుకుంటూ వెళ్ళి, దుకాణాల బోర్డులు ఒక్కొక్కటీ ఆమె చేత చదివించండి. పెద్ద అక్షరాలు, తెలిసిన సరుకులు, కూడబలుక్కుని చదువుతుంటే వినడానికి తోటి పిల్లలు ఉండరు. ఒడిశా నుంచి వచ్చిన ఒక విద్యార్థికి నేను ఇలాగే నేర్పాను. ఒత్తులు పట్టుబడటానికి కొంత కాలం పడుతుంది, తొందరపెట్టవద్దు.

సంగీతం మీద ఆసక్తి ఉంటే, 1919లో ఈ ఊరి రాజులైన పూసపాటివారు స్థాపించిన మహారాజా సంగీత కళాశాలకు ఒకసారి తీసుకువెళ్ళండి. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా ఉన్న చోటది, ఘంటసాల గారు చదువుకున్న చోటు కూడా. ఘంటసాల గారు కృష్ణా జిల్లా వైపు నుంచి చదువు కోసం ఇంత దూరం వచ్చినవారేనని మీ అమ్మాయికి చెప్పండి.

జవాబు 2: నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అక్కయ్య గారూ, నేను ఇక్కడే పుట్టి పెరిగిన మనిషిని. మీ ప్రశ్న చదివి ఆ పక్కింటి పెద్దావిడ గురించే ఎక్కువసేపు ఆలోచించాను. మా అమ్మమ్మ కూడా వీధిలో కనిపించిన ప్రతి పిల్లనూ గుంటా అనే పిలిచేది, పిలిచిన ప్రతి పిల్ల చేతిలోనూ ఏదో ఒకటి పెట్టేది. ఆవిడకు కోపం వచ్చి ఉండదు. పట్నం నుంచి వచ్చినవారు, తనతో మాట్లాడటం ఇష్టం లేదేమోనని తనంతట తాను వెనక్కి తగ్గి ఉంటుంది. మా వైపు పెద్దవాళ్ళకు ఈ బిడియం చాలా ఉంది. మా యాసను విని నవ్విన వాళ్ళను మేము చాలామందినే చూశాము, అందుకని ఎదుటివారు ముఖం తిప్పుకుంటే కారణం అడగకుండానే తప్పుకుంటాము. మీ అమ్మాయి బళ్ళో పడిన బాధే, నా చదువు రోజుల్లో మా జిల్లా దాటి వెళ్ళినప్పుడు నేనూ పడ్డాను. కాబట్టి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి. "మా ఊళ్ళో ఆ మాట లేదమ్మా, నాకు అర్థం కాలేదు" అంటే చాలు.

ఊరికే వెళ్ళడం మొహమాటమైతే మీ పుట్టింటి వంట ఏదైనా పట్టుకెళ్ళండి. ఇక్కడ పళ్ళెం ఖాళీగా తిరిగి రాదు. తిరిగి వచ్చిన పళ్ళెంలో ఏముందో చూసి, అది ఎలా వండారని అడగడానికి మీరు మళ్ళీ వెళ్ళవచ్చు.

మాస్టారు గారి మాటలు నాకు ఎంతో నచ్చాయి గాని, ఒక్క చోట ఒప్పుకోలేను. సర్దుకోవలసిన బరువంతా వచ్చినవారి మీద, అందులోనూ పన్నెండేళ్ళ పిల్ల మీద పెట్టకూడదు. తరగతిలో పిల్లలు నవ్వుతుంటే టీచరు ఊరుకున్నారంటే అది బడి తప్పు. మీరూ మీ వారూ కలిసి వెళ్ళి, తరగతి టీచరును ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. కోపంగా కాదు, కానీ గట్టిగా మాట్లాడండి. మీ అమ్మాయి తన మాట తాను మాట్లాడుకునే చోటు బళ్ళో ఉండాలని అడగడం మీ హక్కు.

ఇంకొకటి. ఏ ఊరు, ఎంత అద్దె, ఎందరు పిల్లలు, అత్తగారు ఎక్కడుంటారు అని ఇక్కడ తొలి పరిచయంలోనే అడుగుతారు. మీకు అది చొరబాటులా అనిపించి ఉండవచ్చు. చాలావరకు అది మిమ్మల్ని ఎవరి పక్కన కూర్చోబెట్టుకోవాలో తెలుసుకునే ప్రయత్నమే. అయితే "మీరేటోళ్ళు" అని కులం అడిగేవారు కూడా ఉన్నారు. దానికి జవాబు చెప్పవలసిన అవసరం మీకు లేదు. మా ఊరి మనిషిగా ఈ మాట నేనే చెబుతున్నాను.

రానున్న రథసప్తమికి అరసవల్లి రమ్మని పిలవాలని ఉంది గాని, ఆ రోజు సూర్యనారాయణమూర్తి దర్శనానికి పట్టే సమయం, ఆ జనం, కొత్తవారికి కష్టం. ఆదివారాలు కూడా రద్దీయే. మామూలు పనిరోజున బస్సులో వచ్చేయండి. రైలులో వస్తే మాత్రం శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉందని, అక్కడి నుంచి ఊళ్ళోకి ఇంకో 12 కిలోమీటర్లు రావాలని గుర్తుంచుకోండి. దర్శనం అయ్యాక మా ఇంటికి భోజనానికి రండి. అందుకు చుట్టరికం ఏమీ అక్కరలేదు.

జవాబు 3: అయిదు ఊళ్ళ రైల్వే ఉద్యోగి

పెద్ద మాటలు పై ఇద్దరూ చెప్పారు, నేను చిన్నవి చెబుతాను. ఢిల్లీ కారు తెచ్చుకుని ఉంటే, వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచినప్పుడు ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. అందుకు ఢిల్లీ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, అది ఆలస్యమవుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. ఓటు మార్పుకు ఫారం 8 నింపాలి.

చీకటి గురించి రాశారు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, విజయనగరం దాదాపు ఆ రేఖ మీదే ఉంది, ఢిల్లీ దానికి బాగా పడమరన ఉంది. అందుకే జూన్‌లో ఇక్కడ సుమారు 50 నిమిషాల ముందే పొద్దు గుంకుతుంది. దానికి బదులుగా డిసెంబరులో ఢిల్లీకంటే ముప్పావుగంట ముందే తెల్లవారుతుంది. పనులన్నీ ఒక గంట ముందుకు జరపండి, ఉదయపు నడక పెట్టుకోండి. నేను సర్దుకున్నది అలాగే.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వస్తే తేలికగా తీసుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. తాగేనీళ్ళు, కొవ్వొత్తులు, ముందే ఛార్జి చేసిన బ్యాటరీ దీపాలు సిద్ధంగా ఉంచుకోండి. ఆ రోజుల్లో ఒకే మెట్లు ఎక్కి దిగే ఇళ్ళవాళ్ళం అందరం ఒకే పొయ్యి మీద వండుకున్నాము. నాకు ఇరుగుపొరుగు పేర్లు తెలిసింది అప్పుడే.

చివరగా ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఢిల్లీలో మీరు ఉద్యోగం చేసేవారా? నా భార్య బదిలీల వల్ల రెండుసార్లు ఉద్యోగం వదులుకుంది. ఊరు నచ్చక దిగులుగా ఉందనే ఇద్దరం అనుకున్నాము, అసలు దిగులు పని లేకపోవడమని చాలా ఆలస్యంగా గ్రహించాము.

ప్రశ్న వేసినవారి మాట: కరీంనగర్ ఆడపడుచు

ముగ్గురికీ నా నమస్కారాలు. అవునండీ, ఢిల్లీలో తొమ్మిదేళ్ళు ఒక అకౌంట్ల ఆఫీసులో పనిచేశాను. మీరు అడిగేదాకా ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు. ఇక్కడ వెతుక్కోవడం ఈ వారమే మొదలుపెట్టాను.

సంక్రాంతికి సకినాలు చేశాను. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పాత పంచె పరిచి దాని మీద చుట్టలు చుట్టడం మా అమ్మాయికి వచ్చు. ఇద్దరం కలిసి చుట్టి, వేయించి, పళ్ళెంలో పెట్టుకుని పక్కింటికి వెళ్ళాము. నేను చెప్పాలనుకున్నది సగం కూడా చెప్పకముందే పెద్దావిడ ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "ఇవేటమ్మా, జంతికలా?" అని అడిగారు. కాదని, ఎలా చుడతారో మా అమ్మాయి గాల్లో వేలు తిప్పి చూపించింది, తెలుగులోనే చెప్పింది. ఆవిడ "సేసి సూపించవే గుంటా" అన్నారు. ఇద్దరూ రేపు మధ్యాహ్నం మా వంటింట్లో కూర్చుంటారట.

బడికి సోమవారం ఇద్దరం వెళుతున్నాము. పళ్ళెం నిన్ననే తెలగపిండి కూరతో తిరిగి వచ్చింది. మాస్టారు గారూ, వెల్లుల్లి ఎప్పుడు వేయాలో నేర్చుకున్నానని ఊరించి వదిలేశారు. ఆ వివరం, మంచి తెలగపిండి దొరికే కొట్టు ఏ వీధిలో ఉందో కూడా దయచేసి రాయండి.