అప్‌డేట్: ఆస్పరాగస్ మొదటి కోత కోశాం

బెంగళూరులో మా ఇంటి వెనక విత్తనం నుంచి పెంచిన ఆస్పరాగస్‌కి (లేత మొలకల్ని కూరగా తినే మొక్క) అగరొత్తుల్లాంటి సన్నటి మొలకలు వస్తున్నాయి, కోసుకోవచ్చా అని రెండేళ్ల కిందట మిమ్మల్ని అడిగాను. వద్దు, ఆగమన్నారు. ఆగాను. మొన్న ఆదివారం మొదటిసారి కోశాం!

ఆ మొలకల్ని వదిలేస్తే ఆకుపచ్చని పొగలా నా నడుం ఎత్తు పెరిగాయి. ఆ పచ్చదనం తయారుచేసిన ఆహారమే నేలలోని వేళ్లలో నిలవ ఉంటుంది, వచ్చే ఏడు మొలకల లావు చాలావరకు దాన్నిబట్టే. మా అత్తయ్య చూసి "ఇది మన పిల్లిపీచరలా ఉందే" అన్నారు. నిజమే, పిల్లిపీచర, అంటే శతావరి, దీనికి దగ్గర చుట్టం.

నా టెన్షన్ అంతా చలికాలం గురించే. చలి దేశాల్లో మంచుకు ఈ మొక్క నిద్రపోతుంది, మనకు అంత చలి ఎక్కడిది? అందుకే చలికి బదులుగా నిద్రపుచ్చడానికి, మీలో ఒకరు చెప్పినట్టు డిసెంబరులో నీళ్లు బాగా తగ్గించాను. కొమ్మలు పసుపు తిరిగాక నేల దాకా కోసేసి, రెండంగుళాల మందాన పశువుల ఎరువు పరిచి, ఫిబ్రవరిలో మళ్లీ తడి పెట్టాను. కొన్నాళ్లకు మట్టి నెర్రె విచ్చి ఊదారంగు మొన పైకి తేలింది. చిటికెన వేలంత లావు! దాని ముందు కూర్చుని ఎంతసేపు చూశానో.

జానెడు పొడవు రాగానే పదకొండు కోశాను. ఎండుమిర్చి, వెల్లుల్లి పోపులో రెండు నిమిషాలు వేయించాం. పచ్చి బఠాణీ తియ్యదనం. ఈ ఏడు రెండు వారాలే కోస్తాను, తర్వాతవి పెరగనిస్తాను.

ఒక మొక్కకు ఎర్రటి పళ్లు కాశాయి, అది ఆడమొక్క. ఆ పళ్లు తినకూడదు కానీ విత్తనాలు ఆరబెట్టి ఉంచాను, కావలసినవాళ్లు చెప్పండి.