ఫ్లోరైడ్ పంటికి మేలు చేస్తూ ఎముకకు కీడు ఎందుకు చేస్తుంది?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి, కనిగిరి):
మా ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని, పెద్దవారిలో కొందరికి నడుము వంగిపోవడానికి అదే కారణమని చిన్నప్పటి నుంచి వింటున్నాను. అదే ఫ్లోరైడును మేలు చేస్తుందని పళ్ల పేస్టులో కలుపుతున్నారు. అది ఎముకలో ఏ బంధంతో చేరుతుంది? రెండు చోట్లా చర్య ఒకటే అయితే ఫలితం వేరుగా ఎందుకుంటుంది? నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా?

జవాబు 1 (రసాయన శాస్త్ర అధ్యాపకుడు, ఒంగోలు):
ఎముకలోనూ పంటిలోనూ ఉన్న ప్రధాన ఖనిజం హైడ్రాక్సీ ఎపటైట్. ఆ స్ఫటికంలో ధనావేశమున్న కాల్షియం అయాన్లు, ఋణావేశమున్న ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్ అయాన్లు పరస్పర ఆకర్షణతో, అంటే అయానిక బంధంతో, నిలిచి ఉంటాయి. (ఫాస్ఫేట్ లోపల ఫాస్ఫరస్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఉన్నది మాత్రం ఎలక్ట్రాన్లను పంచుకునే సమయోజనీయ బంధం, పరీక్షల్లో ఈ తేడాను విస్మరించేవారే ఎక్కువ.) ఫ్లోరైడుకూ హైడ్రాక్సైడుకూ ఆవేశం ఒకటే, పరిమాణమూ దగ్గరదగ్గరగా ఉంటుంది కనుక, హైడ్రాక్సైడ్ ఉండవలసిన చోట ఫ్లోరైడ్ సులభంగా ఇమిడిపోతుంది. పంటి ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరిగినట్టు) వద్దనే కరగడం మొదలుపెడితే, ఫ్లోరైడ్ చేరిన ఎపటైట్ సుమారు 4.5 వరకు తట్టుకుంటుంది. పేస్టు పంటి పైపొరను కాపాడే తీరు ఇదే.

ఎముక అలా కాదు, అది నిత్యం కరుగుతూ తిరిగి కట్టుకుంటూ ఉండే సజీవ కణజాలం. ఏళ్ల తరబడి తాగునీటి ద్వారా చేరిన ఫ్లోరైడ్ ఎముకను కట్టే కణాలను అతిగా ప్రేరేపించడంతో ఎముక దట్టమవుతుంది కాని, స్ఫటికాలు ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులతో సరిగా అమరవు. పైగా కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లలోనూ కాల్షియం పేరుకొని వెన్ను బిగుసుకుపోతుంది. చూడటానికి దట్టంగా ఉన్న ఆ ఎముక నిజానికి పెళుసు.

జవాబు 2 (తాగునీటి పరీక్షల అనుభవమున్న సభ్యుడు, పొదిలి):
మరిగిస్తే పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి, ఆర్‌ఓ యంత్రం రెండూ ఫ్లోరైడును తగ్గిస్తాయి. మన దేశంలో ఈ వ్యాధి (ఫ్లోరోసిస్) గురించి 1937లో వెలువడిన తొలి నివేదికలు నెల్లూరు జిల్లాకు సంబంధించినవే. 1970లో ప్రకాశం ఏర్పడేవరకు కనిగిరి, పొదిలి, దర్శి ఆ జిల్లాలోనివే అన్నది గమనించదగినది.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
ధన్యవాదాలు సార్. పాలు, రాగులు తీసుకుంటే మంచిదని మా ఇంట్లో అంటారు. దానికి రసాయన ఆధారం ఉందా?

జవాబు 1 రాసిన అధ్యాపకుడు:
ఉంది. పాలు, రాగుల్లోని కాల్షియం అయాన్లు పేగులో ఫ్లోరైడుతో కలిసి నీటిలో దాదాపు కరగని కాల్షియం ఫ్లోరైడుగా మారడం వల్ల, రక్తంలోకి చేరే ఫ్లోరైడ్ తగ్గుతుంది. అయితే అది తగ్గింపు మాత్రమే. నీటిని మార్చకుండా ఆహారాన్ని మాత్రమే మార్చుకుంటే సరిపోదు.