కలివికోడి: ఇందులో ‘కోడి’ ఎందుకుంది?

ఒంగోలు మిత్రులు అడిగిన ప్రశ్న బాగుంది: కోడి జాతి కాని కలివికోడిని కోడి అని ఎందుకన్నారు? మన వాడుకలో నేలమీదో నీళ్ళ ఒడ్డునో తిరిగే పక్షులు చాలావాటికి ‘కోడి’ తగిలిస్తాం. నీటికోడి, జమ్ముకోడి అలా వచ్చినవే. ఇదీ ఎగరడం కన్నా పరుగునే నమ్ముకున్న పిట్ట. జానెడుకి కాస్త పెద్దది, ఎదమీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, గొంతు కింద నారింజ మచ్చ.

అసలు సంగతంతా ‘కలివి’లో ఉంది. ఉదయగిరి వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. కలివి ఒక ముళ్ళ పొద: జంట ముళ్ళు, తుంచితే పాలు, నల్లగా పండితే పిల్లలు పొదలో చెయ్యిపెట్టి గీరుకుపోయినా వదలని పండ్లు. ఆ పొదల మధ్య ఖాళీ నేలలో రాత్రిపూట మేతకి తిరుగుతుంది గనక కలివికోడి. పేరు పెట్టినవాళ్ళకి దాని చిరునామా తెలుసు.

నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ దీన్ని శాస్త్రలోకానికి చూపించాడు. 1848లో జంతుశాస్త్రవేత్త బ్లైత్ శాస్త్రీయ నామం పెట్టాడు. అందులోని ‘బైటార్క్వేటస్’ అంటే రెండు పట్టీలది. నెల్లూరు పడమటి కొండల్లో, కడప సీమలో ఉంటుందని జెర్డాన్ రాశాడు. 1900 ప్రాంతం తర్వాత దాని జాడ లేక అంతరించిందనే అనుకున్నారు. రాత్రి పిట్టని పగలు వెతికితే ఎలా దొరుకుతుంది? 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. ఆ ఊరి వేటగాళ్ళకి అది రాత్రి తిరిగే పిట్టని ముందే తెలుసు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వాళ్ళని అడిగాడు, అదే పనిచేసింది. తర్వాత లంకమల అభయారణ్యం ఏర్పడింది, 1988లో తపాలా బిళ్ళ కూడా వచ్చింది. తెలుగుగంగ కాలువ దాని పొదల మీదుగా వెళ్ళబోతే దారి మళ్ళించాల్సి వచ్చింది.

ఒక మిత్రుడు ‘ద్విపట్ట ధావకం’ (రెండు పట్టీల పరుగు పిట్ట) అని కొత్త పేరు సూచించారు. నాకిది అస్సలు నచ్చలేదు. కలివి అన్నమాట పోతే ఆ పొద ఎందుకు ఉండాలో చెప్పే ఆధారమే పోతుంది. కంప కదా అని జేసీబీ పెట్టి చదును చేస్తే పిట్టకి చోటుండదు. అలాగని పొదలు మరీ దట్టమై గుబురుగా మూసుకుపోయినా దానికి పనికిరాదు. మధ్యలో నేల కనపడాలి.

సీతారాంపురం, గిద్దలూరు, కంభం వైపు సభ్యులకి ఒక మనవి. మేకలు కాసిన పెద్దవాళ్ళని అడిగి, ఈ పిట్టకి వాళ్ళ నోట ఉన్న పేరుని పలికినట్టే, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి. దాని కూత ఫోన్‌లో పెట్టుకుని రాత్రుళ్ళు అడవిలోకి మాత్రం వెళ్ళొద్దు. ఆ పిట్ట బెదురుతుంది. పైగా అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడం నేరం.